ఫోటో వెనక పేరు రాసిపెట్టండి

పాత ఫోటో పట్టుకుని ఎవరైనా మా స్టూడియో మెట్లెక్కారంటే ఆ ఇంట్లో ఒకరు పోయారన్నమాట. పెద్దకార్యం ఇంకో నాలుగు రోజులుందనగా వస్తారు. కొడుకో అల్లుడో జేబులోంచి ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టి, "దీన్ని పెద్దది చెయ్యాలండి. ఫ్రేముకి ఒకటి, ఫ్లెక్సీకి ఒకటి" అంటాడు. ఎనభై ఏళ్లు బతికిన మనిషిది ఇంట్లో దొరికిన విడి ఫోటో అదొక్కటే. ఆధార్ ఫోటోలో ఎంతటి పెద్దమనిషైనా పోలీసులు పట్టుకొచ్చినవాడిలాగే ఉంటాడు. "ఇంకోటి చూడండి, ఏ పెళ్లిదో గృహప్రవేశానిదో ఉంటుంది" అని వెనక్కి పంపిస్తాను. అప్పుడు దిగుతుంది అటక మీది ట్రంకు పెట్టె.

మాది కోనసీమలో పి.గన్నవరం. గోదావరి పాయ మీంచి కాలవని దాటించే అక్విడెక్టు చూడ్డానికి వచ్చేవాళ్లకి ఫోటోలు తీస్తూ మా నాన్నగారు డెబ్బైల్లో ఈ స్టూడియో మొదలుపెట్టారు. నేను డార్క్ రూమ్‌లో ఫోటోలు కడిగే హైపో మందు వాసన మధ్య పెరిగాను. ఇప్పుడు పనంతా కంప్యూటర్లోనే. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక మాకు మిగిలినవి పాస్‌పోర్టు సైజులు, పెళ్లి ఆల్బమ్‌లు, ఈ పోయినవాళ్ల ఫోటోలు.

పెద్దది చేసి ఇస్తే సరిపోదు. "నాన్నకి చొక్కా వెయ్యండి" అంటారు. ఆయన జన్మలో పెళ్లిళ్లకి తప్ప చొక్కా వేసి ఎరగడు. గోదావరి మధ్య లంకలో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గోచీ పంచె, తలకి తువ్వాలు, అంతే. మనవడు అమెరికా నుంచి వస్తున్నాడు కాబట్టి చొక్కా కావాలి, వీలైతే కోటు కూడా. ఇంకొందరు "కొంచెం తెల్లగా చెయ్యండి" అంటారు. ఒకసారి ఇద్దరు మనవరాళ్లు వచ్చి, "మా నాయనమ్మకి బొట్టు పెట్టండి, ముప్పై ఏళ్లు పెట్టుకోనివ్వలేదు ఆవిణ్ణి" అన్నారు. అదొక్కటి మాత్రం నా చేత్తో నేనే ఇష్టంగా పెట్టాను. మిగతావి వ్యాపారం కాబట్టి చేస్తాను. కానీ చేసినప్పుడల్లా అసలు ఫోటోని ఏమీ ముట్టుకోకుండా స్కాన్ చేసి, ఒక కాపీ కవర్లో పెట్టి ఇస్తాను. చొక్కా ఉన్నది గోడకి, లేనిది పెట్టెలోకి. ఎండకి నల్లబడ్డ ఆ భుజాలు చూస్తేనే తాతగారు ఏం పని చేసి ఆ మేడ కట్టాడో రేపటి తరానికి తెలుస్తుంది.

నాకు బాధనిపించేది అది కాదు. ఇరవై మంది నిలబడ్డ పెళ్లి గ్రూపు ఫోటో తెస్తారు. అందులోంచి ఒక ముసలావిణ్ణి మాత్రం విడదీసి పెద్దది చెయ్యాలి. నాకు అలవాటు కాబట్టి అడుగుతాను, "పక్కనున్నావిడ ఎవరండీ?" అని.

"ఏమోనండి. అమ్మకైతే తెలుసు."

ఫ్రేము కట్టించడానికి వచ్చింది ఆ అమ్మకే.

మగవాళ్ల పేర్లు ఎలాగోలా దొరుకుతాయి. పొలం దస్తావేజుల్లో ఉంటాయి, అడంగల్లో ఉంటాయి, గుడి అరుగు మీద చెక్కిన చందాల పట్టికలో కూడా ఉంటాయి. పైగా తాత పేరు మనవడికి పెడతాం కాబట్టి ఇంట్లోనే తిరుగుతూ ఉంటాయి. ఆడవాళ్ల సంగతి అలా కాదు. మా వైపు కోడలిగా వచ్చినావిణ్ణి పుట్టింటి ఊరు పెట్టి పిలుస్తారు. ముంగండ అత్త, నాగుల్లంక పిన్ని, మానేపల్లి వదిన. అరవై ఏళ్లు అలాగే పిలిచి, పోయాక "ఇంతకీ మన నాగుల్లంక పిన్ని పేరేంటి?" అనుకున్న ఇల్లు నాకు తెలుసు. చివరికి రేషన్ కార్డు వెతికి చూసుకున్నారు.

2015 పుష్కరాలకి కెమెరాతో కోటిపల్లి రేవులో ఉన్నాను. పిండప్రదానం చేయించే పంతులుగారు గోత్రం అడుగుతారు, తండ్రి, తాత, ముత్తాత పేర్లు అడుగుతారు. అక్కడిదాకా చాలామంది గబగబా చెప్పేస్తారు. తరవాత తల్లి పేరు, నాయనమ్మ పేరు, ఆ నాయనమ్మ అత్తగారి పేరు. అక్కడ ఆగిపోతారు. తడిబట్టలతోనే గట్టెక్కి ఫోన్లు చెయ్యడం ఎంతమందిని చూశానో. "పెద్దత్తా, మన ముసలమ్మగారి పేరేంటే? త్వరగా చెప్పు, ఇక్కడ లైను ఉంది." అవతల ఆవిడకీ తెలియకపోతే పంతులుగారు ఏదో ఒక దేవత పేరు చెప్పించి కానిచ్చేస్తారు. మళ్లీ 2027లో పుష్కరాలు వస్తున్నాయి. 2015లో ఫోనెత్తి పేరు చెప్పిన పెద్దత్తల్లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో చూసుకోండి.

అందుకే మా దగ్గర ఫోటో చేయించుకున్నవాళ్లకి ఫ్రేము వెనక ఒక చీటీ అంటించి ఇస్తున్నాను. పేరు, ఇంటి పేరు, పుట్టింటి పేరు, పుట్టిన ఊరు, ఎవరికి ఏమవుతారు. దానికి డబ్బులు తీసుకోను. తెలిసినంత రాయమంటాను. సగం ఖాళీగా వదిలేసి వెళ్లినవాళ్లు నెల తరవాత ఫోన్ చేసి "ఆవిడ పుట్టింటివారి పేరు దొరికిందండీ" అని చెప్పడం కూడా జరిగింది.

ఏ సంవత్సరం ఫోటో అని మాత్రం పెద్దవాళ్లని అడక్కండి. చెప్పలేక చిన్నబుచ్చుకుంటారు. వాళ్ల లెక్క వేరు. పెద్ద వరదకి ముందా, తరవాతా అని అడగండి. అయితే ఏ పెద్ద వరదో కూడా కనుక్కోవాలి. తొంభై దాటినవాళ్లకి పెద్ద వరదంటే 1953. మా వయసు వాళ్లకి 1986 ఆగస్టుది. మా అబ్బాయికి 2022. తుఫానుకి మాత్రం గొడవ లేదు. కోనసీమలో ఉత్త తుఫాను అన్నారంటే 1996 నవంబరు 6 రాత్రి వచ్చిందే. ఫోటోలో ఇంటి వెనక కొబ్బరిచెట్లు ఒత్తుగా, ఒకే ఎత్తులో కనపడితే అది తుఫానుకి ముందుది అని నేను సగం ధైర్యంగా చెప్పేస్తాను. "కాకినాడ నుంచి కోడలు పంటు మీద వచ్చిందా, వంతెన మీద వచ్చిందా" అని ఇంకో ప్రశ్న. పంటు అంటే గోదావరి దాటించే పెద్ద పడవ. ఎదుర్లంక వంతెన వచ్చింది 2002లో.

పెట్టెలో శుభలేఖ దొరికితే పంట పండినట్టే. దాని మీద తెలుగు సంవత్సరం ఉంటుంది. విజయ నామ సంవత్సరం అని ఉంటే 1953-54 కావచ్చు, 2013-14 కావచ్చు. అరవై ఏళ్ల తేడా కాబట్టి కాగితం రంగు చూస్తే చాలు. స్టూడియో ఫోటోలైతే వెనక కట్టిన తెర చూస్తాను. మా నాన్నగారు తాజ్‌మహల్ తెర, తోట తెర, మెట్లున్న బంగళా తెర వరసగా మార్చారు. తోట తెర ముందు బెల్‌బాటమ్ వేసుకుని, తీగ లేని టెలిఫోను చెవి దగ్గర పెట్టుకున్న కుర్రాళ్లు ఈ మండలంలో చాలామంది ఉన్నారు. వాళ్లే ఇప్పుడు మనవళ్ల పాస్‌పోర్టు ఫోటోలకి వస్తుంటారు.

ఇంకో రకం ఫోటోలు ఉంటాయి. పెట్టెలోంచి బయటికి తీయగానే ఆడపిల్లలు భయపడి పక్కకి తోసేస్తారు. మనిషి పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి తీయించుకున్నవి. అప్పట్లో కబురొస్తే మా నాన్నగారు సైకిలు మీద స్టాండు కట్టుకుని, రేవు దాటి లంకలోకి వెళ్లి తీసొచ్చేవారు. "ఇవి చింపెయ్యండి, ఇంట్లో ఉంచకూడదు" అని నాకిచ్చి వెళ్లినవాళ్లున్నారు. నేను చింపను. బతికుండగా ఆవిడకి ఫోటో తీయించాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, డబ్బులూ లేవు. పోయిన రోజున మాత్రం ఆవిడ కోసమే ఫోటోగ్రాఫర్ని పిలిపించారు. అసలు ఉన్నది అదొక్కటే అయినప్పుడు దాన్ని చింపేస్తే ఆవిడ మొహం ఎలా ఉండేదో చెప్పే ఆధారం ఇంకేదీ ఉండదు. గోడకి పెట్టొద్దు సరే, కవర్లో పెట్టి పేరు రాసి దాచండి. ఆ ఫోటోల్లోనే చుట్టుపక్కల నిలబడ్డ పిల్లల చిన్నప్పటి మొహాలు కూడా దొరుకుతాయి.

2022 జూలైలో లంకల్లోకి నీళ్లొచ్చి తగ్గాక పడవల్లో ట్రంకు పెట్టెలు దిగాయి మా స్టూడియోకి. అప్పుడు అందరికీ నోరు నొప్పిపుట్టేలా చెప్పిందే మళ్లీ ఇక్కడ రాస్తున్నాను. తడిసి అతుక్కుపోయిన ఫోటోల్ని లాగొద్దు. బేసిన్లో మంచినీళ్లు పోసి అందులో ముంచితే చాలావరకు వాటంతటవే విడివడతాయి. బొమ్మ ఉన్న వైపు వేలు తగలనివ్వకుండా అంచు పట్టుకుని తీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో పాత పంచె మీద ఆరబెట్టాలి. ఎండలో పెడితే చుట్టుకుపోతాయి. వెంటనే కుదరకపోతే కవర్లో పెట్టి ఫ్రీజర్లో ఉంచమని ఇంటర్నెట్లో చెబుతారు. మంచి సలహానే, కాకపోతే వరదొస్తే మా దగ్గర ముందు పోయేది కరెంటే. ఫ్రేములో అద్దానికి అతుక్కుని ఎండిపోయిన ఫోటోని మాత్రం ఎవరేం చెప్పినా పీకకండి. అద్దంతో సహా తెస్తే దాని మీంచే కాపీ తీస్తాం.

లామినేషన్ చేయించకండి. చేయిస్తే ఇక వెనక్కి తీయడం కుదరదు. బ్లాక్ అండ్ వైట్ ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా రాయొచ్చు. కలర్ ఫోటోల వెనక నున్నగా ఉండి పెన్సిల్ ఎక్కదు, ఒక్కోదాన్ని కాగితం కవర్లో పెట్టి కవరు మీద రాయండి. బాల్‌పెన్ను వద్దు, గాడి బొమ్మ వైపుకి తేలుతుంది. ఎనభైల నాటి కలర్ ఫోటోలు ఎర్రబడి వెలిసిపోతున్నాయి. వాటి అమ్మమ్మల నాటి బ్లాక్ అండ్ వైట్‌వి ఇంకా నిక్షేపంగా ఉన్నాయి. కాబట్టి ముందు స్కాన్ చేయించాల్సింది కలర్‌వి. వాట్సాప్ గ్రూపులో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఒక కాపీ గోదావరి నీళ్లు రాని ఊళ్లో, ఏ హైదరాబాదులోనో ఉన్న కూతురి దగ్గర ఉంచండి.

మాటలు రికార్డు చెయ్యమని పిల్లలకి చెబుతుంటాను. ఫోను ఎదురుగా పెట్టి "నాయనమ్మా, నీ జీవితం గురించి చెప్పు" అంటే ఏ నాయనమ్మా చెప్పదు. "ఏముందిరా చెప్పడానికి, ఉడకేసుకున్నాం, తిన్నాం" అంటుంది. చేతిలో ఫోటో పెట్టి, ఫోను పక్కన పడేసి, ఊరుకోవాలి. మొన్నామధ్య ఒకావిడ, డెబ్బై దాటినావిడ, మనవడితో స్టూడియోకి వచ్చింది. తన పెళ్లైన కొత్తలో మా తాజ్‌మహల్ తెర ముందు తీయించుకున్న ఫోటో స్కాన్ చేస్తుంటే కంప్యూటర్లో పెద్దగా కనిపించింది. మెడలో కాసులపేరు. మనవడు నవ్వుతూ, "ఈ కాసులపేరేనండీ మా పెదనాన్న తాకట్టు పెట్టి మింగేశాడు" అన్నాడు.

ఆవిడ వెంటనే, "ఎవరు చెప్పార్రా నీకు? అది మనదెప్పుడు? మా తోడికోడలిది. ఫోటో కోసం వేసుకున్నాను. ఆవిడ ఆ బల్ల దగ్గరే నిలబడింది. దిగడం ఆలస్యం, ఇక్కడే తీసి చేతిలో పెట్టేశాను" అంది.

"మరి పెదనాన్నని అన్నేళ్లూ..."

"నన్ను ఎవరైనా అడిగితేగా?"

ఆ పెదనాన్న పోయి చాలా ఏళ్లైందట. మనవడు ఆ రోజంతా మాట్లాడలేదు.

ఇక అసలు ఈ పోస్టు ఎందుకు పెట్టానంటే, నాన్నగారి పాత బీరువాలో ఇప్పించుకోకుండా వదిలేసిన ఫోటోలు రెండు రేకు పెట్టెల నిండా ఉన్నాయి. పైనున్న అరలో ఉండబట్టి తుఫానుకి తడవలేదు. కవర్ల మీద పేర్లు లేవు. "అడ్వాన్సు 5, బాకీ 7" అనో, "లంక నుంచి కబురు చేస్తారు" అనో నాన్నగారి చేతిరాత మాత్రం ఉంది. వచ్చే సంక్రాంతి మూడు రోజులూ స్టూడియో ముందు బల్ల వేసి అవన్నీ పరిచి పెడతాను. పండక్కి ఊరొచ్చినవాళ్లు ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లని వెంటబెట్టుకుని రండి. కుర్చీలు వేయిస్తాను. గుర్తుపట్టిన ఫోటో ఊరికే తీసుకెళ్లొచ్చు, పాత బాకీ అడగను. ఒకటే షరతు, అందులో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ, ఆడవాళ్లైతే పుట్టిన ఊరితో సహా, నా పుస్తకంలో రాసి వెళ్లాలి. కనుమ మధ్యాహ్నం నేనుండను, జగ్గన్నతోట తీర్థంలో ప్రభల ఫోటోలకి వెళ్తాను. ఆ పూట మా ఆవిడ కూర్చుంటుంది. ఈ చుట్టుపక్కల చుట్టరికాలు నాకన్నా ఆవిడకే బాగా తెలుసు కాబట్టి, తేలని ఫోటోలుంటే ఆ పూటే తెండి.