జడ్జి చూసేది పిల్లని, కనపడాల్సింది కుక్క

చుట్టాలొస్తే పిల్లల్ని పిలిచి "ఏదీ, ఆ పాట పాడమ్మా" అనడం మన ఇళ్లలో మామూలే. అమెరికా వచ్చినా ఆ బుద్ధి పోదు. ఉగాది ప్రోగ్రాముల్లో పిల్లల్ని స్టేజీ ఎక్కించి, ముందు వరసలో ఫోన్లు పట్టుకుని కూర్చుంటాం. అలాంటి మాకు మా పన్నెండేళ్ల అమ్మాయి వచ్చి లాబ్రడార్‌ని పట్టుకుని డాగ్ షో రింగులో దిగుతానంది, పైగా అక్కడ జడ్జి తూకం వేసేది కుక్కని కాదు, పట్టుకున్న పిల్లని అని చెప్పింది. ఇంకేం, మనకి అలవాటైన పనే కదా అనుకున్నాం. తీరా చూస్తే మొత్తం తిరగేసిన వ్యవహారం.

దీన్ని జూనియర్ షోమన్‌షిప్ అంటారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్క ప్రకారం 9 ఏళ్లు నిండి 18 నిండని పిల్లలకే ప్రవేశం. మొదట నోవిస్ అని కొత్తవాళ్ల తరగతి, అందులో పోటీ ఉన్నచోట 3 సార్లు ఫస్ట్ వస్తే ఓపెన్ అనే పై తరగతి. కుక్క ఆ పిల్లదో, ఇంట్లోవాళ్లదో అయ్యుండాలి. పెద్దల పోటీలో చూసేది తర్వాతి తరానికి పనికొచ్చే జంతువేనా అని, అందుకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కని అక్కడ మామూలుగా రానివ్వరు. ఇక్కడ ఆ పట్టింపు లేదు, ఎందుకంటే కుక్క అందానికి మార్కుల్లేవు. ఉన్న కుక్కని బాగా కనపడేలా నిలబెట్టడం వచ్చా, రాదా, అంతే.

అది ఎంత కష్టమో రింగు పక్కన నిలబడి చూస్తేగానీ తెలియదు. జడ్జి ఎటు జరిగితే పిల్ల దానికి ఎదురు పక్కకి మారిపోవాలి, జడ్జికీ కుక్కకీ మధ్య ఎప్పుడూ అడ్డం రాకూడదు. త్రికోణంలో నడిపించమంటే త్రికోణం, తిన్నగా వెళ్లి రమ్మంటే తిన్నగా, అదీ కుక్క నడక చెడకుండా. తిరిగొచ్చి ముందు కాళ్లు భుజాల కింద నిటారుగా పెట్టించాలి, వెనక కాళ్లు సర్దాలి, అడిగితే పెదవి ఎత్తి పళ్ల వరస చూపించాలి, ముందు నడిచేవాళ్ల కుక్క మీదకి తన కుక్కని తోలకూడదు. మాది నల్ల కుక్క, నల్ల సూటు వేసుకుంటే అందులో కలిసిపోతుందని అమ్మాయి లేత రంగు సూటు కొనిపించుకుంది. బయటి నుంచి మనం సైగలు చేయకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. స్పెల్లింగ్ బీ అయితే కనీసం ఇంట్లో కూర్చోబెట్టి అప్పజెప్పించుకుంటాం, ఇక్కడ మా ఆయనకి చేతులు కట్టుకుని నిలబడటమే పెద్ద టెన్షన్. ఫ్రెండ్స్ మాత్రం ఒకటే ప్రశ్న: ఇది కాలేజీ అప్లికేషన్లో పనికొస్తుందా? ఏమో, నేనైతే ఆ లెక్క వేయడం మానేశాను.

వేసవిలో మా ఊరెళ్లాం, ఒంగోలు పక్కన కరవదికి దగ్గర్లోనే. కుక్కలకి పోటీలేంటని చుట్టుపక్కల అందరూ నవ్వారు. దానికి తోడు, ఉడకబెట్టిన కోడి కార్జం ముక్క బుగ్గన పెట్టుకుని, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని, అవసరమైనప్పుడు నోట్లోంచి తీసి కుక్కకి ఎలా పెడతారో మా అమ్మాయి ఊరకుక్క మీద చేసి చూపించింది. మా అమ్మ "ఏందే ఈ పని, ఎంగిలి!" అని చెంబుతో నీళ్లు తెచ్చి నోరు కడిగించింది. జేబులో పెట్టుకున్నా సరిపోతుందంట, కానీ షోల్లో కుక్కల్ని పట్టే పెద్ద హ్యాండ్లర్లు అలాగే చేస్తారని దాని వాదన.

నవ్వనిది మా నాన్న ఒక్కడే. ఆయన చిన్నప్పటి నుంచీ ఒంగోలు గిత్తల్ని అందాల పోటీలకి తోలుకెళ్లినవాడు. "ముకుతాడు పట్టినోణ్ణి ఎవరు చూస్తారమ్మా? కానీ వాడికి చేతకాకపోతే మంచి గిత్త కూడా వాలిపోయినట్టు కనపడతది" అన్నాడు. మా అమ్మాయి వెంటనే పలక పట్టుకున్న పిల్లలా ఆయన ముందు కూర్చుంది. దూడ కాళ్లని లాబ్రడార్ కాళ్లలా సర్దబోతే అది ఒక్క తన్ను తన్నింది. నాన్న దాని పక్కన నిలబడి గంగడోలు కింద మెల్లగా గోకుతూ ఉన్నాడు, దూడ మెడ చాపి తల ఎత్తి కదలకుండా నిలబడిపోయింది. మూపురం ఎలా చూస్తారు, బండలాగుడులో పళ్లని బట్టి వయసు లెక్కగట్టి రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం అని ఎందుకు విడదీస్తారు, అన్నీ చెప్పాడు. నాతో ఇరవై ఏళ్లలో ఇన్ని మాటలు మాట్లాడలేదు ఆయన.

"వీటికి వంశం పేపర్లు ఉన్నాయా తాతయ్యా?" అని అడిగింది. పేపర్లేంటి, దీని అమ్మమ్మ ఎవరింట్లో ఈనిందో కూడా చెప్తానన్నాడు. ఇవే బ్రెజిల్ వెళ్లి, నెల్లూరు పేరుతో నెలోర్ అనే జాతి అయ్యాయని, 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేదని అంటే నమ్మలేదు, ఫోన్లో వెతికి చూసుకుంది.

జాతి పిచ్చి మీద నాకు అనుమానాలు లేకపోలేదు. ముక్కు చప్పిడిగా ఉండాలని పెంచీ పెంచీ చివరికి ఊపిరాడక గురగురలాడే కుక్కల్ని ఆ షోల్లోనే చూశాను. అదే మా అమ్మాయితో అంటే, మరి మన ఊళ్లో ఒంగోలు ఆవుల్ని జెర్సీతో ఎందుకు దాటించారు అని ఎదురు అడిగింది. పాల కోసం అన్నాను. ఇద్దరం అక్కడితో ఆపేశాం.

తిరిగొచ్చాక మొన్నటి షోలో నాలుగో స్థానం వచ్చింది. నాలుగేంటి, తప్పు ఎక్కడ జరిగింది అని మా ఆయన మొదలుపెట్టేలోపే అది వెళ్లి గెలిచిన అబ్బాయికి షేక్‌హ్యాండ్ ఇస్తోంది. వీడియో వాట్సాప్‌లో నాన్నకి పంపాను. ఆయన ర్యాంకు అడగలేదు. రెండుసార్లు చూసి ఫోన్ చేశాడు: "తాడు బాగానే పట్టింది. వంగినప్పుడల్లా జడ కుక్క వీపు మీద పడతా ఉంది, ముడేసుకోమను."