బాబాయి ప్లేయర్‌లో ఏం నింపాలి? నా అనుభవం

బాబాయికి కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు పుస్తకాలు, ఫోన్ తెర తగ్గించమన్నారు. రోజుకు నాలుగైదు గంటలు చదివే మనిషికి అది చాలా కష్టం. అందుకని పిల్లలు ఆయనకు ఒక చిన్న మ్యూజిక్ ప్లేయర్ కొనిపెట్టారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, పక్కన తడిమితే తెలిసే బటన్లు, లోపల 64 జీబీ మెమరీ కార్డు. దాన్ని నా చేతిలో పెట్టి, "ఒరేయ్, ఇందులో మంచి సంగీతం నింపి పెట్టరా. ఏం వేస్తావో నీ ఇష్టం" అన్నారు.

ఆ "నీ ఇష్టం" అన్న మాట పట్టుకుని మొదటిసారి పొరపాటు చేశాను. నా కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి పోగేసుకున్నదంతా ఎత్తి అందులో పోశాను. మంచి నాణ్యత ఉండే 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నిమిషానికి 2.4 ఎంబీ పడుతుంది. ఆ లెక్కన 64 జీబీలో దాదాపు 440 గంటల సంగీతం పడుతుంది. కార్డు నిండేదాకా వేసి, బాబాయికి ఇక ఏడాదిదాకా లోటుండదని సంతోషపడ్డాను.

రెండు రోజులకే ఫోన్ వచ్చింది. "నొక్కుతూనే ఉన్నానురా. ఏది ఎక్కడుందో తెలియట్లేదు. ఒకటి వినపడదు, ఇంకోటి చెవులు చిల్లులు పడేట్టు వస్తుంది."

వెళ్లి ఓ గంట ఆయన పక్కన కూర్చున్నాను. ఏమీ మాట్లాడకుండా ఆయన బొటనవేలు ఏం చేస్తోందో చూశాను. ఒక పాట మొదలవుతుంది, పది సెకన్లు వింటారు, తర్వాతి దానికి నొక్కుతారు. ఆ గంటలో పూర్తిగా విన్నది రెండే రెండు. తెర మీద అక్షరాలు కనపడవు కాబట్టి ఆయనకు ఆ నాలుగు వేల పాటలూ చీకటి గదిలో పోసిన సామాను లాంటివి.

అప్పుడు అడగాల్సిన ప్రశ్న అడిగాను. "ఏం ఇష్టం బాబాయ్?" అని కాదు, దానికి ఎవరైనా "అన్నీ ఇష్టమే" అంటారు. "ఎప్పుడెప్పుడు వింటున్నారు?" అని అడిగాను. ఆయన ఆలోచించి చెప్పారు: తెల్లవారుజామున అందరూ లేవకముందు, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు, రాత్రి నిద్ర పట్టేదాకా. ఇంకో మాట కూడా అన్నారు. "సాహిత్యం ఉంటే మనసు దాని వెంట పోతుందిరా. పగలంతా వాద్యం చాలు. రాత్రికి మాత్రం గొంతు కావాలి."

నాకు కావాల్సిందంతా ఆ రెండు ముక్కల్లో దొరికింది. ఇంటికొచ్చి కార్డు మొత్తం చెరిపేశాను.

మూడు ఫోల్డర్లు చేశాను. తెల్లవారుజాముకి బిస్మిల్లా ఖాన్ షెహనాయి, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, షేక్ చినమౌలానా గారి నాదస్వరం. షెహనాయి, నాదస్వరం రెండూ ఊదే వాద్యాలే, రెండూ మంగళవాద్యాలే. కానీ ఒకదాని వెంట ఒకటి వింటే ఊపిరి నడిపే తీరులో తేడా ఎంత స్పష్టంగా తెలుస్తుందో! అందుకే వాటిని కావాలనే పక్కపక్కన పెట్టాను. పాత 78 ఆర్‌పీఎం రికార్డుల్లోంచి వచ్చినవి కొన్ని వేశాను. పది అంగుళాల రికార్డుకి ఒక పక్కన మూడు నిమిషాలకు కాస్త అటూఇటూగానే పడుతుంది. గంటసేపు పాడే విద్వాంసులు ఆ మూడు నిమిషాల్లో రాగం ముఖం మొత్తం చూపించేవారు. ఇంకా నిద్రమత్తు వదలని చెవికి అంతకంటే మంచి ఆరంభం నాకు తోచలేదు.

మధ్యాహ్నానికి పొడవైనవి. మాలి అని అందరూ పిలుచుకునే టి.ఆర్. మహాలింగం గారి వేణువు, మాండొలిన్ శ్రీనివాస్. ఇక్కడే ఆయన ఎప్పుడూ వినని సంగీతం కూడా కొంచెం కలిపాను. ఎవరికైనా సంగీతం సూచించేటప్పుడు తెలిసిన రుచి పక్కనే తెలియని రుచి పెట్టాలన్నది నా పద్ధతి. పాశ్చాత్య సంగీతకారుడు బాఖ్ ఒంటరి చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) కోసం రాసిన ఆరు సూట్లు, అంటే చిన్న రచనల వరసలు, వేశాను. ఒకటే వాద్యం, మాటల్లేవు, పక్కవాద్యం లేదు. ప్రతి సూట్‌కీ ముందు ప్రెల్యూడ్ అనే ఆరంభ భాగం ఉంటుంది, ఆ తర్వాత నాట్యగతులు వస్తాయి. బాబాయి ప్రెల్యూడ్ విని "ఇది ఆలాపనేరా" అన్నారు. కచ్చితంగా ఆలాపన కాదు, అది రాసిపెట్టిన సంగీతం. కానీ ఆయన చెవి పట్టుకున్న దారి నాకు చాలా నచ్చింది. పశ్చిమాఫ్రికా వాద్యం కోరా కూడా వేశాను, మాలి దేశపు టుమానీ డియాబాటే వాయించినది. పెద్ద సొరకాయ బుర్రకు తోలు బిగించి, 21 తీగలు కడతారు. "ఇది వీణా, జలతరంగమా?" అని రెండుసార్లు అడిగారు. మైల్స్ డేవిస్ 1959లో చేసిన జాజ్ ఆల్బమ్ మాత్రం ఆయనకు ఎక్కలేదు. మూడుసార్లు విన్నాక తీసెయ్యమన్నారు, తీసేశాను. నాకు ప్రాణం కదా అని ఆయన మీద రుద్దడం ఎందుకు?

రాత్రికి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఎంచుకోవడం ఒక ఎత్తు, వాటిని ప్లేయర్‌లో సరిగ్గా పలికించడం మరో ఎత్తు. నేను డబ్బు కట్టే స్ట్రీమింగ్ యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్నవి పనికిరాలేదు. అవి ఆ యాప్‌లోనే తెరుచుకునేలా తాళం వేసి ఉంటాయి, కార్డులోకి ఎక్కించినా మోగవు. కాబట్టి నా దగ్గరున్న సీడీలు కంప్యూటర్‌లోకి ఎక్కించాను, లేనివి ఫైళ్లుగా అమ్మేచోట కొన్నాను. సీడీ నుంచి తీసినవి ఫ్లాక్ ఫార్మాట్‌లో ఉంచాను. నాణ్యత ఏమీ పోకుండానే సైజు చాలావరకు సీడీలో ఉన్నదానికి దాదాపు సగానికి వస్తుంది. నాలుగు వందల గంటలు నింపాలన్న యావ పోయింది కాబట్టి జాగాకి కొదవ లేదు.

తర్వాత వరస. ఈ ప్లేయర్ ఫైళ్లను పేరు ప్రకారం కాకుండా, కార్డులోకి కాపీ చేసిన వరసలో వాయిస్తుంది. మొదట ఇది తెలియక తల పట్టుకున్నాను. రాగం, తానం, పల్లవి మూడు ఫైళ్లుగా ఉంటే పల్లవి ముందొచ్చి రాగం చివర వచ్చింది. ప్రతి పేరు ముందూ 01, 02 అని అంకెలు వేసి, ఒక్కో ఫోల్డర్ తెరిచి ఫైళ్లను ఒక్కొక్కటిగా కాపీ చేశాక గానీ దారికి రాలేదు. విసుగు పుట్టించే పనే, కానీ తప్పదు. రాగం నుంచి తానంలోకి జారే చోట అర సెకను నిశ్శబ్దం కూడా పంటి కింద రాయిలా తగిలింది. ఆ మూడింటినీ కలిపి ఒకే ఫైలు చేసేశాను.

బాబాయి చెప్పిన హెచ్చుతగ్గుల సంగతి రీప్లేగెయిన్‌తో సర్దుకుంది. ఒక్కో పాట ఎంత బిగ్గరగా ఉందో సాఫ్ట్‌వేర్ కొలిచి ఆ అంకెను ఫైల్లో రాస్తుంది. ప్లేయర్ ఆ అంకె చూసి సౌండ్ పెంచడమో తగ్గించడమో చేస్తుంది. అసలు సంగీతానికి ఏ మార్పూ జరగదు. మీ ప్లేయర్‌లో ఆ సదుపాయం ఉందో లేదో ముందు సెట్టింగ్స్‌లో చూసుకోండి.

ఇక తెర చదవలేని మనిషికి ఏ ఫోల్డర్‌లో ఉన్నాడో తెలియాలి కదా. ప్రతి ఫోల్డర్ మొదట్లో నా గొంతు పెట్టాను. "బాబాయ్, ఇది మధ్యాహ్నం. మొదట వేణువు వస్తుంది." ఐదారు సెకన్లు, అంతే. ఆయనకు ఈ ప్లేయర్‌లో అన్నిటికంటే పనికొచ్చింది ఇదేనని పిన్ని చెప్పింది.

అన్నీ అయ్యాయనుకుంటుండగా ఆయన బీరువాలోంచి ఒక క్యాసెట్ తీశారు. 90 నిమిషాల క్యాసెట్, అటు 45, ఇటు 45. పైన రాసిన పేరు చెరిగిపోయింది. ఎప్పుడో ఒక కచేరీలో తనే రికార్డు చేసుకున్న నాదస్వరం. "ఇది ఎక్కుతుందేమో చూడు" అని మొహమాటంగా అడిగారు.

దీనికి పట్టినంత సమయం ఇంక దేనికీ పట్టలేదు. ఏళ్లుగా కదలని టేపు కాబట్టి ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్లీ వెనక్కి ఒకసారి తిప్పాను. టేపు రికార్డర్ హెడ్‌ని, అంటే టేపును చదివే భాగాన్ని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిస్తే గోధుమరంగు పొడి వచ్చింది. అయినా శబ్దం దుప్పటి కప్పినట్టే ఉంది. హెడ్ పక్కనే చిన్న స్క్రూ ఉంటుంది. రికార్డు చేసిన మెషీన్‌లో హెడ్ ఏ వంపులో ఉందో ఈ మెషీన్‌లోనూ అదే వంపులో ఉండాలి, లేకపోతే పైస్థాయి శబ్దాలు మాసిపోతాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ విన్నాను. ఒకచోట ఒక్కసారిగా తాళం చప్పుడు కణకణమని వినపడింది. అక్కడ ఆపేశాను.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు శబ్దం పగలకుండా, రికార్డింగ్ లెవెల్ ఎంత పైకెళ్లినా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకున్నాను. తర్వాత బుస్సుమనే శబ్దం తీసేసే సాఫ్ట్‌వేర్ పెట్టి చూశాను. బుస్స పోయింది. దాంతోపాటు నాదస్వరంలో జీవమూ పోయింది, జనం చప్పుడూ పోయింది. వద్దనుకుని ఉన్నది ఉన్నట్టే ఉంచాను.

మంచి పని చేశాను. బాబాయి కళ్లు మూసుకుని వింటూ ఒకచోట చెయ్యెత్తి ఆపమన్నారు. వెనక్కి తిప్పించారు. వాయిద్యం పైషడ్జం (పై స్థాయి 'స') మీద నిలిచినప్పుడు జనంలోంచి ఎవరో "భేష్" అన్నారు. "అది మీ తాతయ్యరా" అన్నారు.

నాకు తాతయ్య గొంతు గుర్తులేదు. ఇప్పుడు ఆ ఒక్క మాట నా దగ్గర ఉంది.

ఆ క్యాసెట్‌కి నాలుగో ఫోల్డర్ చేశాను. దాని మొదట్లో నా గొంతు పెట్టలేదు, బాబాయినే చెప్పమన్నాను. కార్డులో ఇప్పటికి అంతా కలిపి నలభై గంటల సంగీతం ఉంది, సగానికి పైగా ఖాళీ. ఖాళీగానే ఉంచాను. మొన్న ఫోన్ చేసి, "ఆ ఇరవై ఒక్క తీగల వాద్యం ఉంది చూడు, అది వాయించేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగారు. ఈ ఆదివారం వెళ్లేలోపు కోరా రికార్డింగులు ఇంకో రెండు వెతికి పెట్టాలి.