ఒక్కపొద్దుల తర్వాత పాండవుల గుట్ట

మా రన్నింగ్ గ్రూపులో అందరిదీ ఒకటే మాట. నవరాత్రులంతా ఒక్కపొద్దులుండి, దసరా వెళ్లీ వెళ్లగానే గుట్టలెక్కితే కాళ్లు పట్టేయక ఏమవుతాయని. మా అత్తమ్మ ఇంకో అడుగు ముందుకేసింది: "గుట్టలేమన్న లేచి పోతున్నయా బిడ్డా? నాలుగు దినాలు తిని పోరాదా!" ఆమె మాటలో సగం నిజముంది. నా పేచీ మిగతా సగంతోనే.

దసరా కాగానే మేం పాండవుల గుట్టకు వెళ్లింది పరుగుకు కాదు, దారి చూసుకోవడానికి. చలికాలంలో అటువైపు ట్రైల్ రన్, అంటే గుట్టల బాటల్లో పరుగు, పెట్టుకోవాలని గ్రూపులో అనుకుంటున్నాం. వరంగల్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు, భూపాలపల్లి జిల్లా రేగొండ మండలం. ఆదిమానవులు బొమ్మలు గీసిన రాతి ఆవాసాలు 1990లో అక్కడే వెలుగులోకి వచ్చాయి. మేం మాత్రం బొమ్మలు చూసింది తక్కువ. కారు ఎక్కడిదాకా వస్తుంది, నీళ్లు ఎక్కడ పెట్టాలి, ఎవరికైనా కాలు బెణికితే ఎటునుంచి దింపాలి, అంతా ఇదే గొడవ.

వానలు వెలిసిన కొత్తల్లో గడ్డి నడుముదాకా ఉంటుంది. బాట అనుకుని పోతే ఏదో బండ అడ్డమొచ్చి ఆగిపోతుంది. దిగాలి, ఇంకోవైపు నుంచి ఎక్కాలి, మళ్లీ దిగాలి. ఇసుకరాయి మీద రాలిన పలుకులు బూటు కింద బూందీలా దొర్లుతుంటే, జారకుండా అడుగడుగునా తొడలు బిగబట్టాల్సిందే. కారెక్కాక సాక్సుల్లో దిగిన గడ్డి ముళ్లు పీకుతూ కూర్చున్నా, అప్పటికి నొప్పి లేదు. మర్నాడు పొద్దున మాత్రం మా ఇంటి మెట్లు వెనక్కి తిరిగి, రెయిలింగ్ పట్టుకుని దిగాను. పక్కింటావిడ అదేదో కొత్త వ్యాయామం అనుకుంది.

ఇంతకీ ఒక్కపొద్దు ఏం చేసింది? ఒళ్లు ఇంధనంగా కండరాల్లో, కాలేయంలో దాచుకునే చక్కెర, అంటే గ్లైకోజెన్ నిల్వను తగ్గించింది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అందుకే నవరాత్రుల్లో బరువు తగ్గానని మురిసిపోయేవాళ్లకు చెప్తుంటాను, అందులో చాలావరకు నీళ్లేనని. గుట్ట ఎక్కేటప్పుడు నాకు ఆయాసం, నీరసం వచ్చింది దీనివల్లే. తిరిగొచ్చాక కూడా పొద్దున లేవగానే చూసుకుంటే నాడి మామూలుకంటే ఎక్కువే కొట్టుకుంది. అత్తమ్మ చెప్పిన సగం ఇదే.

తొడల నొప్పి ఉపవాసం పని కాదు. దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే మరోపక్క బరువును ఆపాలి. అలవాటు లేకుండా అలా చేస్తే దాని పోగులు సన్నగా దెబ్బతింటాయి. నొప్పి అప్పుడే తెలియదు, ఒకటి రెండు రోజుల తర్వాత ముదురుతుంది. "లాక్టిక్ యాసిడ్ పట్టేసింది" అంటారు గానీ అది గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి తగ్గిపోతుంది, మర్నాటిదాకా ఉండదు. పైగా దెబ్బతిన్న కండరంలో గ్లైకోజెన్ త్వరగా నిండదు. నాకు ఒక్కపొద్దు, దిగుడు దెబ్బ రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి.

అందుకే ముందు తిండి, నిద్ర. జొన్న గటకలో ఉప్పేసిన మజ్జిగ, పెసరపప్పు అన్నం, పూటకు రెండు గుడ్లు. పౌడర్లేవీ కొనలేదు. గ్రూపులో ఒకరు నొప్పి మాత్ర ఇవ్వబోతే వద్దన్నాను. ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీల మీద భారం వేస్తాయి. ఇలాంటి నొప్పులతోపాటు మూత్రం కోలా రంగులో వస్తే మటుకు ఇంటి వైద్యాలు కట్టిపెట్టి డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి.

తర్వాత వరంగల్ భద్రకాళి చెరువు బండ్ మీద నడక. మెట్లు మామూలుగా దిగగలిగేదాకా పరుగు జోలికి పోలేదు, దిగగలిగాక మెల్లగా జాగింగ్. హనుమకొండ స్టేడియానికి మాత్రం అన్నిటికంటే ఆఖర్న వెళ్లాను. 2021లో నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన ట్రాక్ అది. దానిమీద కాలు పెట్టాక మెల్లగా పరిగెత్తడం నావల్ల కాదు.

వచ్చే ఏడు ఒక్కపొద్దులు మానతానా అంటే, మానను. కాకపోతే బతుకమ్మ మొదలవడానికి ముందే హనుమకొండ పద్మాక్షి గుట్ట మెట్లు వారం వారం దిగుతాను. ఒకసారి దిగుడు దెబ్బ తిన్న కండరం మళ్లీ కొన్ని వారాలదాకా అంతగా దెబ్బతినదు. ఎక్కడం ఎట్లాగూ అందరం ప్రాక్టీస్ చేస్తాం, దిగడాన్ని ఎవరూ పట్టించుకోరు.

దారి సంగతి ఇంకా తేలలేదు. అటవీ శాఖ వాళ్లతో మాట్లాడాలి, రెండోసారి వెళ్లి గుర్తులు చూసుకోవాలి. నీళ్ల క్యాన్లు మోయడానికి ఇద్దరు ముగ్గురు కావాలి, పరుగు రాకపోయినా ఫర్వాలేదు.