పార్కు చెరువులో హైబ్రిడ్ క్యాట్‌ఫిష్
డల్లాస్ శివార్లలో మా ఇంటి దగ్గరి పార్కు చెరువులో మా వాడి గాలానికి క్యాట్‌ఫిష్ పడింది. వీపు మీద ఒక ముల్లు, పక్క రెక్కలకు చెరొకటి, అచ్చం మన జెల్లలాగే. మామయ్యగారు ముళ్ళు వేళ్ళ మధ్యకు వచ్చేలా ఒడుపుగా పట్టుకుని గాలం తీశారు. వాడి మొహం చూడాలి అప్పుడు!

ఇలాంటి చిన్న చెరువుల్లో క్యాట్‌ఫిష్ పిల్లల్ని బాస్ చేపలు బతకనివ్వవు. అందుకే పెరిగిన చేపల్ని లారీల్లో తెచ్చి వదులుతారు. అమెరికాలో కొన్నిచోట్ల హైబ్రిడ్ వదులుతున్నారు: తల్లి ఛానల్ క్యాట్‌ఫిష్, తండ్రి బ్లూ క్యాట్‌ఫిష్. త్వరగా పెరుగుతుంది, గాలానికి తేలిగ్గా పడుతుంది. ఆ రెండు జాతులూ వాటంతట అవి జతకట్టడం అరుదు. ఆడచేపకు హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పిండుతారు. మగచేపను మాత్రం కోసి వీర్యం తీయాల్సిందే. కైకలూరులో శీలావతికి, బొచ్చెకు ఇంజెక్షన్లు చేయడం చూసిన మామయ్యగారు కూడా "అయ్యో, ఒక్కసారికే పోతుందా అమ్మా!" అన్నారు.

అంత కష్టపడి పుట్టించిన చేపను ఒకేసారి కుమ్మరించకూడదని నా గట్టి అభిప్రాయం. తేలిగ్గా పడేది కదా, చేయి తిరిగినవాళ్ళు వారంలో ఊడ్చేస్తారు. కొద్దికొద్దిగా, పలుమార్లు వదలాలి. టెక్సాస్‌లో ఇలాంటి చెరువుల్లో మనిషికి రోజుకు 5 క్యాట్‌ఫిష్ అన్న హద్దు ఉంది. దాన్ని అందరం పాటిస్తే పడవ లేని, దూరం వెళ్ళలేని కుటుంబాల పిల్లలకూ చేప అందుతుంది.