రియాద్ చూశాక మా దేవరకొండ గురించి

రియాద్‌లో మా అన్న దగ్గరికి వెళ్లినప్పుడు ప్రిన్సెస్ నూరా యూనివర్సిటీ చూశాను, మొత్తం ఆడవాళ్ల కోసమే కట్టింది, ఒక ఊరంత ఉంది. సౌదీ అరేబియాలో ఆడపిల్లలకు సర్కారు బడులు మొదలైందే 1960లో. కారు నడపడానికి 2018 దాకా, మగవాళ్ల అనుమతి లేకుండా పాస్‌పోర్ట్ తీసుకోవడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది. డ్రైవింగ్ హక్కు కోసం కొట్లాడిన లుజైన్ అల్ హథ్లూల్‌ను మాత్రం ఆ నిషేధం ఎత్తేయడానికి నెల ముందే అరెస్టు చేశారు, ఇదేం న్యాయమో!

అట్లని మనం గొప్పలు పోవడానికి ఏం లేదు. మా దేవరకొండ వైపు తండాల్లో టెన్త్ పాసైన పిల్లను కాలేజీకి పంపాలంటే ముందు అడిగేది మార్కులు కాదు, సాయంత్రం బస్సు ఉందా అని. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ ఆర్టీసీలో ఆడవాళ్లకు జీరో టికెట్, అంటే ఉచిత ప్రయాణం, మంచిదే, కానీ తండా దాకా బస్సే రాకపోతే ఆ టికెట్ ఎవరికిస్తారు?