డేట్ వచ్చాకే రమ్మంది డాక్టరమ్మ

రెండో కాన్పుతో పాటే ఇక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కూడా అయిపోవాల్సింది. కాన్పయిన వారం లోపు గర్భసంచి ఇంకా పైకే ఉంటుంది కాబట్టి బొడ్డు కింద చిన్న కోతతో సులువుగా చేసేస్తారు. కానీ పాప బరువు తక్కువగా పుట్టి అద్దాల పెట్టెలో ఉంది, ఆ హడావుడిలో ఎవరికీ ఆ ఊసే రాలేదు. అప్పట్నుంచీ కండోమ్‌ని నమ్ముకుని, నెలాఖరొస్తే క్యాలెండర్ చూసుకుంటూ బతికాను.

ఈసారి పిల్లల సెలవుల్లో అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంటానంది. ఇంటి దగ్గరి నర్సింగ్‌హోంలో అడిగితే "శుక్రవారం పరగడుపున వచ్చేయండి" అన్నారు. ఆఖరిసారి డేట్ (నెలసరి) ఎప్పుడొచ్చిందని అడిగిన పాపాన పోలేదు. పక్కింట్లో నర్సుగా చేసే అక్కకి అది నచ్చక, నన్ను కొత్తపేటలో తనకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి పంపింది.

ఆవిడ మొదట అడిగింది అదే. డేటొచ్చి మూడు వారాలు దాటిందన్నాను. "అయితే ఇప్పుడు చెయ్యను. మళ్లీ డేట్ మొదలయ్యాక ఏడు రోజుల్లోపు రా."

అమ్మ అప్పటికే బ్యాగు సర్దుకుంది. "మూత్ర పరీక్ష చేసి, నెగెటివ్ వస్తే కానిచ్చేయొచ్చుగా మేడమ్" అన్నాను. ఆవిడ మందుల చీటీ తిరగేసి గర్భసంచి, రెండు ట్యూబులు గీసింది. ఒక ట్యూబు మధ్యలో ఎర్ర పెన్నుతో చుక్క పెట్టింది. నెల మధ్యలో అండం విడుదలై పిండం కట్టి ఉంటే, అది గర్భసంచికి చేరి అంటుకునేదాకా పరీక్షలో తెలియదట. ఇంకా డేట్ తప్పకముందే చేస్తే నెగెటివ్ వచ్చినా నమ్మడానికి లేదు. ఈలోగా ట్యూబులు మూసేస్తే లోపలున్న గర్భం పెరుగుతూనే ఉంటుంది. "తలుపేసినా లోపలికొచ్చినవాడు లోపలే ఉంటాడుగా" అంది. పిండం ట్యూబులోనే చిక్కుకుంటే ప్రాణానికే ముప్పు. డేటొచ్చిన తొలి వారంలో అయితే ఈ గొడవ దాదాపు ఉండదు. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకునేవాళ్లకీ, కాపర్‌టీ ఉన్నవాళ్లకీ ఇంత పట్టింపు అక్కర్లేదట.

"మీ ఆయన చేయించుకోరా? కుట్టు కూడా పడదు, కాకపోతే పనిచేయడానికి మూడు నెలలు పడుతుంది" అని కూడా అంది. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య "మగాడు బరువులెత్తాలమ్మా" అంది. నీళ్ల టిన్ను మూడో అంతస్తుకి మోసేది నేను. మా ఆయన టీవీ సౌండ్ పెంచాడు.

డేటొచ్చింది. "ముట్టులో ఉండగా కోతేంటే!" అని మళ్లీ అత్తయ్య. బ్లీడింగ్ ఆపరేషన్‌కి అడ్డేమీ కాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. రక్తపరీక్షలు, సంతకాలు అయ్యాక ల్యాప్రోస్కోపీ చేశారు. కడుపులోకి గ్యాస్ నింపి, చిన్న రంధ్రంలోంచి ట్యూబులకి రింగులు వేశారు.

మెలకువొచ్చాక కడుపు కంటే కుడి భుజం ఎక్కువ నొప్పెట్టింది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఎముక కింద పొడిచినట్టు. గుండెపోటేమో అని భయమేసింది. మిగిలిపోయిన గ్యాస్ ఊపిరితిత్తుల కిందుండే కండరాన్ని (డయాఫ్రమ్) ఒత్తితే నొప్పి భుజంలో తెలుస్తుందని నర్సు చెప్పి, లేపి నడిపించింది. ఈ మాట ముందే చెబితే ఏం పోయింది? రెండో రోజుకి తగ్గింది. గోంగూర, వంకాయ ముట్టుకోవద్దని చుట్టాలు ఫోన్లు, అన్నీ తినమని డాక్టరమ్మ. నేను గోంగూర తిన్నాను. వారానికి కుట్లు విప్పారు.

అసలు కంగారు ఆ తర్వాత. ఆపరేషన్ అయినా నూటికి నూరుపాళ్లు గ్యారంటీ లేదని, డేట్ తప్పితే రెండు వారాల్లోపు వచ్చి చూపించుకోమని కాగితం మీద రాసిచ్చారు. ఆపరేషన్ అయినట్టు సర్టిఫికెట్ కూడా నెల దాటాకే. మళ్లీ క్యాలెండర్. ఒక తెల్లవారుజామున పొత్తికడుపు మెలిపెడితే బాత్రూంలోకి వెళ్లి చూసుకుని, అమ్మని నిద్రలేపి మరీ చెప్పాను. విసుక్కుంది.

ఇప్పుడు డేట్లు ఎప్పటిలాగే వస్తున్నాయి. నడుం నొప్పంటే మాత్రం అత్తయ్య ఆపరేషన్‌నే తిడుతుంది. అది పెద్దవాడు పుట్టినప్పట్నుంచీ ఉన్న నొప్పి.