జైతూన్ రాళ్లు, చెన్‌దాయ్ నైవేద్యాలు

చైనా ఆగ్నేయ తీరంలోని చ్వాన్‌జౌ రేవును మధ్యయుగాల అరబ్బు వర్తకులు జైతూన్ అని పిలిచేవారని చదివిన నాటి నుంచి ఆ ఊరు చూడాలన్న కోరిక నాకు ఉండేది. చేరిన మర్నాడు ఉదయమే తూమెన్ వీధిలోని చింగ్‌జింగ్ మసీదుకు వెళ్లాను. పొరుగునే ఉన్న, చైనీయులు దేవుడిగా కొలిచే వీరుడు గ్వాన్ యూ గుడి నుంచి అగరు పొగ వీధంతా కమ్ముకొస్తుండగా, దాని పక్కన మొనదేలిన కమానుల ఎత్తైన రాతి ద్వారం కనిపించింది.

హిజ్రీ 400లో, అంటే క్రీ.శ. 1009–10లో మసీదు కట్టారనీ, 1310–11లో ఇరాన్‌లోని షిరాజ్‌కు చెందిన అహ్మద్ దాన్ని బాగుచేయించాడనీ ఆ ద్వారం గోడమీది అరబ్బీ శాసనం చెబుతోంది. పాత ప్రార్థనా మందిరానికి ఇప్పుడు కప్పు లేదు. పడమటి గోడలో మక్కా దిశను చూపే గూడు, ఖురాన్ వాక్యాలు చెక్కిన రాళ్లు ఎండలోనే నిలిచి ఉన్నాయి. ఆవరణలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం మింగ్ వంశపు యోంగ్లే చక్రవర్తి 1407 నాటి ఆజ్ఞను చెక్కిన రాతిపలక. అధికారులు గాని, సైనికులు గాని, ప్రజలు గాని ముస్లింలను అవమానించరాదని, వేధించరాదని అందులో ఉంది. అంతకు నాలుగు దశాబ్దాల ముందే, యువాన్ వంశపు చివరి రోజుల్లో, 1357 నుంచి 1366 దాకా సాగిన తిరుగుబాటు అణగిపోయినప్పుడు ఈ ఊళ్లో ముస్లింల ఊచకోత జరిగిందని తెలిసి చదివితే, ఆ మాటల బరువు మనసుకు తగులుతుంది.

ఆ కల్లోల కాలంలోనే నగరం విడిచి సముద్రపు ఒడ్డుకు తరలిపోయిన ముస్లిం కుటుంబాల్లో దింగ్ వంశం ఒకటి. వారి ఊరు చెన్‌దాయ్ ఇప్పుడు చెప్పుల కర్మాగారాలతో నిండిపోయింది. వంశపు పూర్వీకుల మందిరాన్ని చైనా లిపిలో 'హుయ్' అనే అక్షరం ఆకారంలో, చదరంలో చదరంగా కట్టుకున్నారు. చైనా ముస్లింలను పిలిచే పేరు కూడా అదే. తరాలు గడిచేకొద్దీ వారిలో చాలామందికి నమాజు దూరమైంది, అయినా 1979లో ప్రభుత్వం వారిని హుయ్ జాతిగా గుర్తించింది.

పూర్వీకులకు పెట్టే నైవేద్యంలో పంది మాంసం ఉండకూడదన్న నియమం మాత్రం నేటికీ నిలిచి ఉంది. తద్దినం రోజున ఉల్లి, వెల్లుల్లి వంటింట్లోకి రానివ్వని ఇంట్లో పెరిగిన నాకు ఆ పట్టుదల వెంటనే అర్థమైంది. మరి ఇంట్లో మీరు తింటారా అని దుబాసీ ద్వారా అక్కడి పెద్దాయనను అడిగాను. తాము తింటామని, పోయిన పెద్దలు తినరని ఆయన ఎంతో శ్రద్ధగా చెప్పి, లోపలి చదరంలోకి దారి చూపారు.